పూల్ 8 దీవులు: మిసిసిపి ఇసుకతో మిసిసిపిలోనే కట్టిన లంకల సమీక్ష

ఈ దీవుల దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామంది దీవిని చూసి తిరిగి వచ్చేస్తారు. చూడాల్సింది దీవి వెనక ఉన్న నీళ్లని. వేసవిలో గాలి గట్టిగా కొట్టే రోజున గాలి తగిలే వైపు నీళ్లు పాలు పోసిన టీలా ఉంటాయి. వెనక వైపు అడుగున ఊగుతున్న మొక్కలు పడవలోంచి కనిపిస్తాయి. ఈ రెండు వైపుల నీళ్లకి తేడా ఎంత ఎక్కువగా ఉంటే దీవిని అంత బాగా కట్టినట్టు. ఎత్తు, ఆకారం, పైన పెరిగిన చెట్లు అన్నీ దాని తర్వాతే. మేము ఈ సమీక్షలో వాడిన తూకం అదే.

ముందు చోటు ఏమిటో చెప్పాలి. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య మిసిసిపి నదిలో పూల్ 8 అనే ముక్క ఒకటి ఉంది. పొడవు సుమారు 23 మైళ్లు. ఎగువన 7వ నంబరు లాకు, దిగువన జెనోవా ఊరి దగ్గర 8వ నంబరు లాకు, ఆనకట్ట. ఈ ముక్క దిగువ భాగంలో అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ శాఖ అయిన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి సెయింట్ పాల్ విభాగం 1989లో మొదలుపెట్టి 2012 దాకా మూడు విడతలుగా దీవులు కట్టింది. మొదటి విడతలో హార్స్‌షూ, బూమరాంగ్ దీవులు, రెండో విడతలో స్టాడర్డ్ ఊరి వైపు దీవులు, మూడో విడతలో వాటికన్నా చాలా పెద్ద వరస. ముడిసరుకు నది అడుగు నుంచి తీసిన ఇసుక, ఒండ్రు. చోటు 1924లో ఏర్పడిన జాతీయ వన్యప్రాణి, మత్స్య సంరక్షణ ప్రాంతంలో ఉంది. డబ్బు 1986 చట్టంతో మొదలైన నది పునరుద్ధరణ పథకం నుంచి వచ్చింది.

నదిలో దీవులు కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఉన్నవి పోయాయి కాబట్టి. 1930లో అమెరికా కాంగ్రెస్ 9 అడుగుల లోతున పడవ దారికి ఒప్పుకుంది. దానికోసం నది పొడుగునా లాకులు కట్టారు. జెనోవా దగ్గరది 1937లో పూర్తయింది. నీళ్లు నిలిచాక ఆనకట్టకి పైనున్న పల్లాలు మునిగి, పాత గట్లు మాత్రం దీవులుగా మిగిలాయి. కొన్నేళ్లు బాగానే ఉంది, చేపలు, బాతులు, నీటిమొక్కలు పుష్కలం. తర్వాత అలలు, చలికాలపు మంచు పలకలు ఆ గట్లను అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చాయి. నీటి మట్టాన్ని ఎప్పుడూ ఒకే చోట పట్టి ఉంచడంతో అల రోజూ అదే గీత మీద కొడుతుంది. గోదావరి లంకల్లో కోత కూడా ఉంటుంది, మేట కూడా ఉంటుంది. వరద ఏడాదికోసారి కొత్త మన్ను తెచ్చి వేస్తుంది. ఇక్కడ కోత మాత్రమే మిగిలింది. అర్ధ శతాబ్దం తిరిగేసరికి దీవుల స్థానంలో మూడు నాలుగు అడుగుల లోతుతో మైళ్ల వెడల్పు ఖాళీ నీళ్లు.

ఖాళీ నీళ్లయితే నష్టమేమిటన్నది ఒక్క లెక్కతో తేలుతుంది. రెండు సెకన్ల వ్యవధితో వచ్చే చిన్న అలకి లోతు నీటిలో పొడవు సుమారు 20 అడుగులు. అల తన పొడవులో సగం లోతు దాకా నీటిని కదిలిస్తుంది, అంటే 10 అడుగులు. ఇక్కడ ఉన్నదే మూడడుగులు. కాబట్టి గాలి వీచిన ప్రతిసారీ అడుగున ఉన్న బురద మొత్తం లేస్తుంది. బురద లేస్తే వెలుతురు కిందికి దిగదు, దిగకపోతే మొక్క మొలవదు. మొక్క లేకపోతే బురదని పట్టి ఉంచేది లేదు, అలని తగ్గించేదీ లేదు. 1988 కరువు తర్వాత వైల్డ్ సెలరీ అనే నీటిమొక్క ఈ ప్రాంతంలో బాగా దెబ్బతిన్నది. పట్టీల్లాంటి ఆకులతో నీటి లోపలే పెరిగే మొక్క ఇది. మన చెరువుల్లో రిబ్బన్లలా ఊగే నాచు ఒకటి ఉంటుంది, అది దీనికి దగ్గరి చుట్టం. దీని దుంపల మీద ఆధారపడే కాన్వాస్‌బ్యాక్ బాతులకి అదే పెద్ద దెబ్బ.

దీవి చేసే పని ఈ గొలుసుని తెంచడం. గాలి ఎదురులేకుండా వీచే నీటి పొడవుని మైలు నుంచి పావు మైలుకి తగ్గిస్తే అల చిన్నదవుతుంది, వ్యవధి తగ్గుతుంది, అడుగు కదలదు. మొక్కలు ఒకసారి నిలిచాక మిగతా పని అవే చేసుకుంటాయి. అందుకే ఈ దీవులు గుండ్రంగా ఉండవు. పొడుగ్గా, సన్నగా, గాలికి అడ్డంగా, వంకీలు తిరిగి ఉంటాయి. అదే ఇసుకని గుట్టగా పోస్తే పక్షులు వాలడానికి చోటు దొరుకుతుందేమో గాని నీటికి ఒరిగేది తక్కువ.

కట్టుబడి: ఇసుక, దాని మీద ఒండ్రు

దీవి లోపలిదంతా ఇసుక. పడవ దారి లోతు నిలబెట్టడానికి ఎలాగూ ఏటా తవ్వాల్సిన ఇసుకే ఇది. ఒడ్డున గుట్టలు పోస్తే చోటు చాలదు, పల్లపు అడవిలో పోస్తే అడవి చస్తుంది. దాన్ని సరుకుగా మార్చి నదికే తిరిగి ఇవ్వడం ఈ పథకంలో మాకు బాగా నచ్చిన తెలివి.

కాని ఇసుక ఒక్కటే చాలదు. ముతక ఇసుక వాన నీటిని నిమిషాల్లో కిందికి వదిలేస్తుంది, ఎండకి కాలిపోతుంది, గాలికి ఎగిరిపోతుంది. దాని మీద నాటిన గడ్డి రెండో వేసవి చూడదు. అందుకని ఇసుక పైన 6 నుంచి 12 అంగుళాల మందాన సన్న ఒండ్రు, అంటే మెత్తటి మన్ను, రేగడి కలిసిన పూడిక, పరుస్తారు. దీన్ని పక్క మడుగుల అడుగు నుంచి తీస్తారు. మడుగు లోతవుతుంది, దీవికి మట్టి దొరుకుతుంది. ఒకే తవ్వకం రెండు పనులకి పనికొస్తుంది.

పరిమాణాలు కళ్లకి కట్టాలంటే ఒక ఊహా దీవిని లెక్కేసి చూడాలి. పొడవు 1000 అడుగులు, పై వెడల్పు 50 అడుగులు, నీటి లోతు 3 అడుగులు, నీటిపైన ఎత్తు 4 అడుగులు, పక్క వాలు 1కి 5, అంటే అడుగు ఎత్తుకి ఐదడుగుల వెడల్పు, అనుకుందాం. అడ్డుకోత 595 చదరపు అడుగులు వస్తుంది, ఇసుక సుమారు 22,000 ఘనగజాలు. ఒక ఘనగజం ముప్పాతిక ఘనమీటరు. రెండు వైపులా నీటికి రెండడుగుల ఎత్తులో 30 అడుగుల వెడల్పు బెర్మ్, అంటే ఇసుక అరుగు, కట్టాలంటే ఇంకో 11,000. ఆ పైన 80 అడుగుల వెడల్పున 9 అంగుళాల ఒండ్రు పరిస్తే 2,200. మొత్తంలో ఒండ్రు వాటా ఆరు శాతం పైచిలుకు మాత్రమే. దీవి పచ్చగా ఉంటుందా బోడిగా ఉంటుందా అన్నది మాత్రం ఆ ఆరు శాతమే తేలుస్తుంది. డబ్బు దగ్గర కత్తెర పడాల్సి వస్తే ఇసుక తగ్గించాలే గాని ఒండ్రు తగ్గించకూడదు. పై లెక్కలో ఎత్తుని ఒక్క అడుగు తగ్గిస్తే 4,300 ఘనగజాల ఇసుక మిగులుతుంది. ఒండ్రుకి అయ్యే రెట్టింపు మోత ఖర్చు అందులోంచే పెట్టుకోవచ్చు.

ఒండ్రు పరచడంలో తప్పులు జరిగేది తడి దగ్గర. పైపు ద్వారా నీళ్లతో కలిపి పంపు చేస్తే ఒండ్రు జావలా వస్తుంది. గట్టి కట్టలు లేకపోతే వాలు మీద నిలవక నదిలోకి జారిపోతుంది. నిలిచినా నెలల తరబడి ఆరదు, బుల్డోజరు ఎక్కితే గొలుసుల దాకా దిగబడుతుంది. కోరల బకెట్ ఉన్న క్రేనుతో బార్జీలోకి ఎత్తి తెచ్చిన ఒండ్రుకి నీరు తక్కువ, ముద్దగా పడుతుంది. మోత ఖర్చు ఎక్కువైనా ఈ పద్ధతే నయం. పరిచాక ఒక పదును ఆరనిచ్చి, డిస్క్ నాగలితో పై ఇసుకలోకి కొంచెం కలపాలి. కలపకుండా వదిలేస్తే ఒండ్రు పెంకులా గట్టిపడి బీటలు తీస్తుంది, వేరు ఆ పెంకు దగ్గరే ఆగి ఇసుకలోకి దిగదు. రేగడి పాలు మరీ ఎక్కువైతే ఈ జబ్బు ముదురుతుంది.

ఇసుక దించే క్రమం కూడా ముఖ్యమే. అడుగున మెత్తటి బురద ఉన్న చోట ఒకేసారి ఏడడుగుల ఇసుక పోస్తే, బురద పక్కకి ఉబికి దీవి చుట్టూ అలలా లేస్తుంది, ఇసుక లోపలికి కుంగుతుంది. గీసిన కొలతకి, పోసిన ఇసుకకి పొంతన కుదరదు. పలచటి పొరతో మొదలుపెట్టి, బురదకి నీరు వదిలే సమయం ఇచ్చి, పైకి కట్టుకుంటూ పోవాలి. అన్నిటికన్నా ముందు అడుగు మట్టిని రంధ్రాలు వేసి పరీక్షించాలి. పాత గట్టు ఉన్న చోటే కొత్త దీవిని కడితే సగం కష్టం తప్పుతుంది. కింద గట్టి నేల ఉంటుంది, లోతు తక్కువ, ఇసుక కూడా తక్కువ పడుతుంది. పూల్ 8లో పాత పటాలు దగ్గర పెట్టుకుని పోయిన దీవుల జాడలనే చాలావరకు అనుసరించడం మంచి పని. నది తన గట్లని ఎక్కడ వేసుకుందో ఆ చోట్లకి ఒక లెక్క ఉంటుంది.

అంచు నిలవాలంటే

ఇసుక కుప్పని నదిలో నిలబెట్టడం అంటే అంచుని నిలబెట్టడమే. చుట్టూ రాయి పరిస్తే అన్నిటికన్నా సులువు, కాని అది అన్నిటికన్నా ఖరీదైన, జీవానికి పనికిరాని జవాబు. రాతి గోడ మీంచి తాబేలు ఎక్కలేదు. నీటికొంగ నిలబడి వేటాడే పలచటి నీరు కూడా ఉండదు.

ఇక్కడి జవాబు మూడు భాగాల కలయిక. మొదటిది బెర్మ్. ఇది నీటికి కొద్ది ఎత్తులో ఉండే వెడల్పాటి ఇసుక అరుగు. అల ముందు దీన్ని తింటుంది, తిన్న ఇసుకని ముందుకి పరిచి తానే ఒక తీరం చేసుకుంటుంది. కొత్త దీవి అంచు మొదటి రెండు మూడేళ్లలో వెనక్కి జరగడం చూసి కంగారు పడనక్కర్లేదు, బెర్మ్ వెడల్పు ఆ కోత కోసమే పెట్టింది. దాన్ని 10 అడుగులకి కుదిస్తే మాత్రం ఆ కోత తిన్నగా దీవి నడుముకే వస్తుంది.

రెండోది గ్రోయిన్లు. గోదావరి గట్ల మీద తిరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. ఒడ్డు నుంచి నీటిలోకి చొచ్చుకుపోయే రాతి కట్టలివి. ఇక్కడివి చిన్నవి, 30 అడుగుల పొడవు, ఒకదానికి ఇంకోదానికి దూరం పొడవుకి ఆరు రెట్ల వరకు, అంటే 180 అడుగులు. వాటి మధ్య ఇసుక కొడవలి వంపు తిరిగి నిలిచిపోతుంది. మన వెయ్యి అడుగుల దీవికి ఒక వైపు ఆరు గ్రోయిన్లు చాలు. ఒక్కోటి పైన మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఒకటిన్నర వాలు అనుకుంటే 40 ఘనగజాల రాయి, ఆరింటికి 240. అదే వైపంతా అడుగున్నర మందాన 1కి 3 వాలు మీద రాయి పరిస్తే 880 దాకా పడుతుంది. రాయి పావు వంతు పైచిలుకుతోనే సరిపోయింది, గ్రోయిన్ల మధ్య మెత్తటి ఇసుక తీరం కూడా మిగిలింది.

గ్రోయిన్ చెడేది ఎక్కువగా వెనక నుంచే. మొదలు బెర్మ్‌లోకి పదడుగులైనా పాతుకుని ఉండాలి. లేకపోతే ఒడ్డు వెనక్కి జరిగాక అల గ్రోయిన్ వెనక నుంచి దారి చేసుకుంటుంది. అప్పుడు గ్రోయిన్ నీటి మధ్యలో ఒంటరి రాళ్ల కుప్పగా మిగిలిపోతుంది. గాలి అల కన్నా ప్రవాహం బలంగా ఉండే చోట, అంటే ప్రధాన పాయ వెంబడి, గ్రోయిన్‌కి బదులు ఎగువకి వాలి ఉండే రాతి వేన్లు పెడతారు. ఇవి ప్రవాహాన్ని ఒడ్డు నుంచి లోపలికి తిప్పుతాయి. నిండు రాతి కవచం దీవి ఎగువ మొనకి, పాయ మలుపుకి మాత్రమే. ఎక్కడ ఏది వాడాలో ఈ పొదుపు చూపించడం మూడో విడత దీవుల్లో బాగా కుదిరింది.

మూడోది విల్లో. శాండ్‌బార్ విల్లో అనే పొద జాతి బెర్మ్ మీద నాటుతారు. నిద్రలో ఉన్న కొమ్మల్ని, అంటే చిగురు పట్టకముందు కోసినవాటిని, వసంతంలో మూడు నాలుగు అడుగుల ముక్కలు చేసి మూడింట రెండు వంతులు ఇసుకలోకి దించాలి. కింది కొస తడి తగిలే లోతుకి చేరాలి. పైపైన గుచ్చితే జూన్ ఎండకి చచ్చిపోతాయి. రెండో ఏడు నుంచి వేరు పిలకలతో అల్లుకుపోయి వరద వచ్చినప్పుడు వంగి పడుకుని ఇసుకని కప్పేస్తాయి. ఏటిపట్టున కొత్తగా వేసిన మేట మీద రెల్లు చేసే పని ఇక్కడ విల్లో చేస్తుంది.

ఎత్తు, అలుగు

తొలి దీవుల్ని ఎత్తుగా కట్టారు, తర్వాతివాటిని తగ్గించారు. ఈ దిద్దుబాటు మాకు చాలా గౌరవం కలిగించింది. ఎత్తైన దీవికి ఇసుక ఎక్కువ, వరద నీటికి అడ్డం ఎక్కువ, మీద పెరిగేది మెరక చెట్లు. తక్కువ ఎత్తు దీవి ఏడాదిలో కొన్నాళ్లు మునుగుతుంది. మునిగినప్పుడు ఒండ్రు పొర కొంచెం పేరుకుంటుంది, పల్లపు మొక్కలు నిలుస్తాయి, వరద పక్కకి మళ్లదు.

కాని తక్కువ ఎత్తు దీవికి ఒక గండం ఉంది. వరద ఎగువ వైపు నిండి దీవి మీంచి ఒక్కసారిగా దూకితే, దిగువ నీరు ఇంకా తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ చిన్న జలపాతం ఇసుకని కోసేస్తుంది. దీనికి మందు రాతి అలుగు. మన చెరువు కట్టకి అలుగు ఎందుకో ఇక్కడా అందుకే. దీవి వరసలో ఒక చోట మిగతా వాటికన్నా తక్కువ ఎత్తులో రాళ్లతో కట్టిన పల్లం ఉంటుంది. వరద మొదట అక్కడ ఎక్కి వెనక మడుగుని నింపుతుంది. ఇసుక భాగం మీంచి నీళ్లు పొర్లే వేళకి రెండు వైపులా మట్టం దాదాపు సమం. అప్పుడు కోత ఉండదు. అలుగు రాయి కింద వడపోత పొర వేయకపోతే ఇసుక రాళ్ల సందుల్లోంచి పీల్చుకుపోయి అలుగు కుంగుతుంది. పైకి కనిపించదు కాబట్టి చాలా పనుల్లో దీని దగ్గరే మిగుల్చుకుంటారు.

నీటి కింది పని

ఒండ్రు కోసం తవ్విన గుంతలు చలికాలంలో చేపలకి ఇళ్లు. బ్లూగిల్ లాంటి చేపలు మంచు కింద కదలకుండా శక్తి దాచుకోవాలి. వాటికి నాలుగు అడుగులకి మించిన లోతు, సెకనుకి ఒక సెంటీమీటరు లోపు ప్రవాహం, లీటరుకి 3 మిల్లీగ్రాములకి తగ్గని ఆక్సిజన్, కుదిరితే 4 డిగ్రీలకి దగ్గరి నీళ్లు కావాలి. ఇవి ఒకదానితో ఒకటి పడవు. ప్రవాహం పూర్తిగా ఆపితే వెచ్చదనం వస్తుంది గాని ఆక్సిజన్ పడిపోతుంది. ఆక్సిజన్ కోసం సందు పెద్దది చేస్తే నది నుంచి సున్నా డిగ్రీల నీళ్లు వచ్చి మడుగుని చల్లారుస్తాయి. అందుకే దీవుల మధ్య సందులు, తూముల వెడల్పు నిర్ణయించడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా సున్నితమైన లెక్క. కట్టాక చలికాలంలో మంచుకి రంధ్రం చేసి కొలవాలి. కొలిచి, అవసరమైతే సందుని రాయితో కుదించే వీలు ముందే పెట్టుకోవాలి.

చిన్న చిన్న చేర్పులు కొన్ని: తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒండ్రు వేయకుండా వదిలేసిన ఇసుక తిన్నెలు, బాతులు ఎక్కి కూర్చోవడానికి లంగరు వేసిన దుంగలు, ఒడ్డున తిరిగే నీటి పక్షుల కోసం పలచటి బురద మైదానాలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

లోపాలు

గడ్డి విషయంలో సంతృప్తి లేదు. స్థానిక గడ్డి విత్తనాలు చల్లినా, రీడ్ కెనరీ అనే దురాక్రమణ గడ్డి ఒండ్రుతో పాటే గింజల రూపంలో వచ్చేస్తుంది. మొదటి మూడేళ్లు పట్టుకుని కోయడం, మందు కొట్టడం చేయకపోతే తర్వాత దాన్ని కదిలించలేరు. కట్టడానికి దొరికే డబ్బు చూడటానికి దొరకకపోవడం ఇలాంటి పథకాలన్నిటికీ ఉన్న రోగం.

రెండోది, నీరు నిలకడగా ఉండే చోట పూడిక కూడా నిలుస్తుంది. దీవి వెనక మడుగు నెమ్మదిగా నిండుతుంది. ఈ దీవులు నది పూడికకి మందు కావు, కాలాన్ని కొనిపెడతాయి. పైన పొలాల నుంచి వచ్చే మన్ను తగ్గకపోతే తవ్విన గుంతల్ని మళ్లీ తవ్వాలి.

మూడోది, మెచ్చుకోలు మొత్తం దీవులకే ఇవ్వడం న్యాయం కాదు. 2001, 2002 వేసవుల్లో ఆనకట్ట దగ్గర నీటి మట్టాన్ని అడుగున్నర దాకా దించి బురద నేలని ఎండకి చూపించారు. అడుగున నిద్రపోతున్న గింజలు మొలిచాయి, యారోహెడ్ లాంటి మొక్కలు విస్తరించాయి. దీవులు, నీటి దింపు రెండూ కలిసినప్పుడే ఇంత పచ్చదనం వచ్చింది. దీవులు కట్టేసి మట్టం ఎప్పటిలాగే బిగించి పెడితే సగం ఫలమే.

ఇంకో చోట ఇదే పని

పోల్చి చూడటానికి మూడు పనులు చెప్పుకోవాలి. మేరీలాండ్‌లో చెసపీక్ బే లోని పోప్లర్ దీవి 1847లో వెయ్యి ఎకరాలకి పైన ఉండి, 1990ల నాటికి నాలుగైదు ముక్కలుగా మిగిలింది. 1998లో చుట్టూ రాతి కట్ట మొదలుపెట్టి, 2001 నుంచి బాల్టిమోర్ ఓడ దారుల పూడికతో నింపుతున్నారు. విస్తరణతో కలిపి 1,715 ఎకరాలు. పరిమాణంలో పూల్ 8 దాని ముందు చిన్నది. కాని అక్కడ సముద్రపు పూడికలోని గంధకం గాలి తగిలి ఆమ్లంగా మారే బెడద ఉంది, మంచినీటి ఇసుకకి ఆ గొడవ లేదు.

నెదర్లాండ్స్‌లో మార్కర్ వాడెన్ 2016లో మొదలైంది. ఇసుకతో ఉంగరం కట్టి లోపల సరస్సు అడుగు బురద నింపారు. అందంగా ఉంది, సందర్శకులకి చాలా బాగుంది. అయితే బురదతో నింపిన నేల కుంగుతూనే ఉంటుంది, ఎత్తు లెక్క ముందే ఎక్కువ పెట్టుకోవాలి.

మాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన లూయిసియానాలో అచాఫలయా నది మీద, మోర్గన్ సిటీకి దగ్గర్లో ఉన్న హార్స్‌షూ బెండ్ దీవి. అక్కడ దీవిని కట్టలేదు. 2002 నుంచి పడవ దారిలో తవ్విన మన్నుని, అప్పుడే తేలుతున్న ఒక మేటకి ఎగువన పోస్తూ వచ్చారు. ప్రవాహమే దాన్ని మోసుకెళ్లి పరిచింది. సుమారు 35 హెక్టార్ల దీవి తయారైంది. రాయి లేదు, బుల్డోజరు లేదు. పూల్ 8లో ఇది కుదరకపోవడానికి కారణం అక్కడ మోసే ప్రవాహం లేదు, చెరిపే అల ఉంది. పని చేయించేది అలో ప్రవాహమో ముందు తేల్చుకోకుండా నమూనా ఎంచుకోకూడదు.

ఈ మాట గోదావరికి కూడా చెప్పాలి. పూల్ 8కి ఎగువన ఉన్న వినోనా ఊరి దగ్గర మిసిసిపికి తెలిసిన పెద్ద వరద 1965 ఏప్రిల్‌లో వచ్చింది, 2.68 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పదమూడు రెట్లు. 30 అడుగుల గ్రోయిన్లు, విల్లో పొదలు ఆ నీటి ముందు ఒక్క రాత్రి నిలవవు. గోదావరి ప్రధాన పాయలో ఈ నమూనా పనికిరాదు. వరద తిన్నగా తగలని, గాలి అల మాత్రమే ఉన్న పెద్ద జలాశయాల పలచటి అంచుల్లో, పూడిక తీసినప్పుడు దాన్ని ఒడ్డుకి మోయకుండా అక్కడే దీవిగా మార్చే పనికి మాత్రం ఇక్కడి కొలతలు చాలావరకు పనికొస్తాయి.

చూడటానికి వెళ్లేవాళ్లకి

మిన్నెసోటా వైపు 26వ నంబరు రోడ్డు మీద, బ్రౌన్స్‌విల్ ఊరు దాటి దక్షిణానికి కొద్ది మైళ్లు వెళ్తే రోడ్డు పక్కనే చూసే చోటు ఉంది. మినియాపొలిస్ నుంచి కారులో దాదాపు మూడు గంటలు, రాచెస్టర్ నుంచి అందులో సగం. మూడో విడత దీవులు ఎదురుగానే ఉంటాయి. అక్టోబరు ఆఖరు నుంచి నీళ్లు గడ్డకట్టే దాకా టండ్రా హంసలు వేలల్లో దిగుతాయి. ఆర్కిటిక్ నుంచి వచ్చి, ఇక్కడ యారోహెడ్ దుంపలు తవ్వుకు తిని, చెసపీక్ వైపు వెళ్తాయి. నవంబరు మొదటి సగం మంచి కాలం. మామూలు బైనాక్యులర్ చాలదు, స్టాండు మీద పెట్టే స్కోప్ తీసుకెళ్లాలి. ఉదయం వెలుతురు ఎదురుగా కళ్లలో పడుతుంది, మధ్యాహ్నం తర్వాత వెళ్తే దీవుల మీద వెలుగు పడుతుంది.

పడవలో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ భాగం విస్కాన్సిన్ ఐలండ్స్ అనే వేట నిషిద్ధ ప్రాంతం. శరత్కాలంలో మోటారు పడవలు స్వచ్ఛందంగా దూరం ఉండాలని కోరతారు. బలవంతం లేదు కదా అని దూసుకెళ్తే, దుంపలు తింటున్న వేల పక్షులు ఒకేసారి లేచిపోతాయి, తిన్న శక్తి ఎగరడానికే ఖర్చవుతుంది. దీవుల వెనక నీళ్లు చూడాలనుకుంటే జూలై, ఆగస్టుల్లో తెడ్డు పడవలో వెళ్లండి. స్టాడర్డ్ వైపు నుంచి దించుకోవచ్చు. గాలి వీచే రోజే ఎంచుకోండి. ఒక గాజు సీసాలో దీవికి అటువైపు నీళ్లు, ఇంకో సీసాలో ఇటువైపు నీళ్లు పట్టి వెలుతురుకి పక్కపక్కన పెట్టి చూడండి.